‘హ్యాడ్’తో ప్రశ్న అడగాలంటే ముందు ‘అప్పటికి’ ఉండాలి

“డిడ్ యూ లీవ్ ద రూమ్ వెన్ ద అలారమ్ ర్యాంగ్?”
“వర్ యూ లీవింగ్ ద రూమ్ వెన్ ద అలారమ్ ర్యాంగ్?”
“హ్యాడ్ యూ లెఫ్ట్ ద రూమ్ వెన్ ద అలారమ్ ర్యాంగ్?”

అగ్నిప్రమాదం మీద విచారణ జరుగుతోందనుకుందాం. ఈ మూడింట్లో ఏది అడిగినా వ్యాకరణ దోషం లేదు. కానీ మూడింటికీ “ఎస్” అన్న మనిషి మూడు వేర్వేరు చోట్ల ఉంటాడు. మొదటి ప్రశ్నకు ఎస్ అంటే అలారమ్ విని ఆ తర్వాత బయటికి వచ్చాడు. రెండో దానికి ఎస్ అంటే మోగే సమయానికి గుమ్మం దాటుతున్నాడు. మూడో దానికి ఎస్ అంటే మోగేసరికే బయట ఉన్నాడు, గదిలో మంట ఎలా మొదలైందో అతను చూసే అవకాశమే లేదు. ‘వెన్’ అనే మాట ఈ మూడు వరసల్లో ఏదీ చెప్పదు. ఆ భారమంతా క్రియదే.

తెలుగులో ఇదే తేడాను “మోగినప్పుడు వచ్చావా”, “మోగేటప్పటికి వస్తున్నావా”, “మోగేసరికే వచ్చేశావా” అని తేలిగ్గా చూపిస్తాం. అయితే మన భాషలో ఆ పని ఎక్కువగా చేసేది ‘అప్పటికే’, ‘-సరికి’, ‘ముందే’ లాంటి మాటలు. ‘వచ్చాను’ అన్న భూతకాల క్రియ రెండు సందర్భాల్లోనూ మారకుండా నిలబడగలదు. ఇంగ్లీషులో అలా కాదు. ఆ సమాచారాన్ని క్రియలోనే, ‘హ్యాడ్’ రూపంలో పెట్టాలి. పాస్ట్ పర్ఫెక్ట్ ప్రశ్నలు, అంటే “హ్యాడ్ యూ లెఫ్ట్” లాంటివి, మనవాళ్లకు రెండు వైపులా జారిపోయేది ఇక్కడే. అవసరమైన చోట ‘హ్యాడ్’ రాదు, అక్కర్లేని చోట మాత్రం వచ్చి కూర్చుంటుంది.

జర్మన్ తత్వవేత్త హాన్స్ రైఖెన్‌బాఖ్ 1947లో కాలాలను వివరించడానికి ఒక పద్ధతి ప్రతిపాదించాడు. భాషాశాస్త్రంలో ఇప్పటికీ దాని మీదే చర్చలు నడుస్తాయి. ప్రతి వాక్యానికీ మూడు సమయబిందువులు ఉంటాయన్నాడు: మాట్లాడే సమయం, పని జరిగిన సమయం, ఆ పనిని ఎక్కడ నిలబడి చూస్తున్నామో ఆ సమయం. సింపుల్ పాస్ట్‌లో (“డిడ్ యూ లీవ్” లాంటివి) చివరి రెండూ ఒకే చోట ఉంటాయి. పాస్ట్ పర్ఫెక్ట్‌లో మూడూ విడివిడిగా ఉంటాయి. ముందు పని, తర్వాత చూస్తున్న బిందువు, ఆ తర్వాత మనం మాట్లాడుతున్న ఇప్పుడు. పై ఉదాహరణలో అలారమ్ మోగిన క్షణమే ఆ చూసే బిందువు.

కాబట్టి “హ్యాడ్ యూ సీన్ ద ఫిల్మ్?” అని ఏ సందర్భమూ లేకుండా ఎవరినైనా అడిగితే, వినేవాడికి “ఎప్పటికి?” అన్న సందేహం వస్తుంది. వాక్యం పుట్టుకలో తప్పు లేదు, నిలబడే చోటే లేదు. “హ్యాడ్ యూ సీన్ ద ఫిల్మ్ బిఫోర్ యూ రెడ్ ద బుక్?” అనగానే అది కుదురుకుంటుంది. ఆ బిందువు అదే వాక్యంలో ఉండాలన్న నియమం లేదు. ముందు వాక్యంలో ఉన్నా చాలు. “ఐ మెట్ హర్ ఎట్ ద వెడింగ్” అని ఒకరంటే, “హ్యాడ్ యూ మెట్ హర్ బిఫోర్?” అని ఇంకొకరు అడగొచ్చు. పెళ్లి రోజు అప్పటికే మాటల్లోకి వచ్చేసింది.

ఆచరణలో ఒక పరీక్ష బాగా పనిచేస్తుంది. అడగబోయే ప్రశ్నను తెలుగులో అనుకుని, అందులో ‘అప్పటికి’ లేదా ‘అప్పటికే’ చేర్చి చూడాలి. “అప్పటికి తిన్నావా?” అన్నది సహజంగా ఉండి, ఆ ‘అప్పుడు’ ఏదో ఇద్దరికీ తెలిసి ఉంటే ‘హ్యాడ్’ వాడవచ్చు. ‘అప్పటికి’ అతకకపోతే ‘డిడ్’ చాలు. ఫోన్‌లో మిస్డ్ కాల్ చూసి “హ్యాడ్ యూ కాల్డ్ మీ?” అని అడగడం చాలా మందికి అలవాటు. అక్కడ ‘అప్పటికి’ ఎక్కడిది? అడగాల్సింది “డిడ్ యూ కాల్ మీ?” అనే.

ఈ పరీక్షకు ఒక మినహాయింపు ఉంది. నో (తెలిసి ఉండటం), బీ, వాంట్, హ్యావ్ లాంటి స్థితిని చెప్పే క్రియల దగ్గర ‘అప్పటికే’ ఉన్నా సింపుల్ పాస్టే సహజం. “అప్పటికే నీకు ఆ విషయం తెలుసా?” అనడానికి “డిడ్ యూ ఆల్రెడీ నో?” అంటారు. “అప్పటికే అక్కడ ఉన్నావా?” అనడానికి “వర్ యూ ఆల్రెడీ దేర్?” అంటారు. ఆ స్థితి ఎంతకాలంగా ఉందో అడిగినప్పుడు మాత్రం ‘హ్యాడ్’ రావాలి: “హౌ లాంగ్ హ్యాడ్ యూ నోన్ హర్ వెన్ యూ గాట్ మ్యారీడ్?”

ఇంకో అపోహను ఇక్కడే వదిలించుకోవాలి. చాలా కాలం క్రితం జరిగినదైతే పాస్ట్ పర్ఫెక్ట్, ఈమధ్య జరిగినదైతే సింపుల్ పాస్ట్ అని కొందరు నేర్చుకుంటారు. దూరానికీ ‘హ్యాడ్’కూ సంబంధం లేదు. “డిడ్ ద రోమన్స్ బిల్డ్ దిస్ రోడ్?” అన్న ప్రశ్న రెండు వేల ఏళ్ల వెనక్కి వెళ్తుంది, అయినా అది సింపుల్ పాస్టే. ఐదు నిమిషాల క్రితం లిఫ్ట్ ఎక్కిన మనిషిని “హ్యాడ్ యూ లాక్డ్ ద డోర్ వెన్ ద లిఫ్ట్ కేమ్?” అని అడగవచ్చు. చూడాల్సింది పని ఎంత పాతదన్నది కాదు, గతంలోని రెండు విషయాల్లో ఏది ముందన్నది.

ప్రశ్న కట్టే తీరు

మామూలు వాక్యంలో కర్త ముందు, ‘హ్యాడ్’ తర్వాత, ఆపైన క్రియ మూడో రూపం (గో, వెంట్, గాన్ వరసలో గాన్). ప్రశ్నలో కర్తా ‘హ్యాడ్’ చోట్లు మార్చుకుంటాయి, మూడో రూపం కదలదు. “దే హ్యాడ్ ఈటెన్” కాస్తా “హ్యాడ్ దే ఈటెన్?” అవుతుంది. కర్త ఏకవచనమైనా బహువచనమైనా, ఐ అయినా హీ అయినా ‘హ్యాడ్’ మారదు. ‘హ్యాజ్’, ‘హ్యావ్’ గొడవ ఇక్కడ లేదు కాబట్టి రూపం పరంగా ఇది ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటే సులువు. ‘వేర్’, ‘వై’, ‘హౌ’ లాంటి ప్రశ్నపదం ఉంటే అది ‘హ్యాడ్’కు ముందు వస్తుంది: “వేర్ హ్యాడ్ దే గాన్?”

పొరపాట్లు ఎక్కువగా ఈ నాలుగు రూపాల్లో కనిపిస్తాయి. “డిడ్ యూ హ్యాడ్ ఫినిష్డ్?” అనేది మొదటిది. ప్రశ్న అనగానే ‘డిడ్’ తగిలించే అలవాటు వల్ల వస్తుంది. ‘హ్యాడ్’ తనే సహాయక క్రియ, దానికి ఇంకో సాయం అక్కర్లేదు. “హ్యాడ్ యూ వెంట్?” అనేది రెండోది. ఇక్కడ రెండో రూపం వచ్చి మూడో రూపం చోట కూర్చుంది. ఫినిష్డ్, కాల్డ్ లాంటి క్రియల్లో రెండో, మూడో రూపాలు ఒకటే కనుక తప్పు బయటపడదు. గో, సీ, ఈట్, రైట్, బ్రేక్, టేక్, బిగిన్, డ్రింక్ దగ్గర మాత్రం దొరికిపోతాం. వీటి మూడో రూపాలు గాన్, సీన్, ఈటెన్, రిటెన్, బ్రోకెన్, టేకెన్, బిగన్, డ్రంక్. కమ్, రన్‌ల సంగతి వేరు. వీటి మూడో రూపం మొదటి రూపంలాగే ఉంటుంది. “హ్యాడ్ హీ కేమ్?” తప్పు, “హ్యాడ్ హీ కమ్?” సరి.

మూడోది “వై యూ హ్యాడ్ గాన్?” తెలుగులో ‘ఎందుకు’ చేర్చితే చాలు, వాక్యం ప్రశ్న అయిపోతుంది, పదాల వరస మార్చే పని ఉండదు. ఇంగ్లీషులో ‘వై’ చేర్చాక కూడా ‘హ్యాడ్’ను కర్తకు ముందుకు తేవాలి. నాలుగోది రెండు క్రియలకూ ‘హ్యాడ్’ పెట్టడం: “హ్యాడ్ యూ లెఫ్ట్ వెన్ ఐ హ్యాడ్ కాల్డ్?” రెండూ వెనక్కి పోతే నిలబడి చూసే బిందువే మాయమవుతుంది. ముందు జరిగిన దానికే ‘హ్యాడ్’, ఆనవాలుగా పెట్టుకున్న దానికి సింపుల్ పాస్ట్: “హ్యాడ్ యూ లెఫ్ట్ వెన్ ఐ కాల్డ్?”

‘ఆల్రెడీ’, ‘ఎవర్’, ‘జస్ట్’ కర్త తర్వాత, మూడో రూపానికి ముందు వస్తాయి. ‘ఆల్రెడీ’ చివరికీ వెళ్లగలదు. ‘యెట్’ మామూలుగా చివరే. మన ‘అప్పటికే తినేశావా’ వరసలో “ఆల్రెడీ హ్యాడ్ యూ ఈటెన్?” అని మొదట్లో పెడితే చెవికి అడ్డం తగులుతుంది.

తినడం, కలిగి ఉండటం అనే అర్థాల్లో ‘హ్యావ్’ అసలు క్రియగా వచ్చినప్పుడు ప్రశ్నలో రెండు ‘హ్యాడ్’లు పడతాయి. “హ్యాడ్ యూ హ్యాడ్ లంచ్ వెన్ దే కేమ్?” అనేది పూర్తిగా సరైన వాక్యం. మొదటిది సహాయక క్రియ, రెండోది మూడో రూపం. చూడటానికి తప్పులా ఉందని ఒకదాన్ని కొట్టేస్తే వాక్యం పాడవుతుంది. పాత బ్రిటిష్ శైలిలో “హ్యాడ్ యూ ఎనీ మనీ?” అని ఒకే ‘హ్యాడ్’తో కనిపించేది వేరే సంగతి. అది “డిడ్ యూ హ్యావ్ ఎనీ మనీ?” అనే సింపుల్ పాస్ట్ ప్రశ్న, పాస్ట్ పర్ఫెక్ట్ కాదు.

‘హూ’, ‘వాట్’ల దగ్గర ఆగి చూడాలి

ప్రశ్నపదమే కర్త అయినప్పుడు చోట్ల మార్పిడి ఉండదు. “హూ హ్యాడ్ కాల్డ్?” అంటే ఎవరు ఫోన్ చేశారని. “హూ హ్యాడ్ దే కాల్డ్?” అంటే వాళ్లు ఎవరికి ఫోన్ చేశారని. మధ్యలో ఒక్క ‘దే’ చేరగానే ఫోన్ చేసినవాడు ఫోన్ అందుకున్నవాడైపోయాడు. ఇంతకంటే ప్రమాదకరమైన జంట ఇది: “వాట్ హ్యాడ్ కాజ్డ్ ద ఫైర్?”, “వాట్ హ్యాడ్ ద ఫైర్ కాజ్డ్?” మొదటిది మంటకు కారణం అడుగుతోంది, రెండోది మంట వల్ల జరిగిన నష్టం అడుగుతోంది. తెలుగులో ‘దేని వల్ల’ అన్న విభక్తి ఈ గందరగోళాన్ని రానివ్వదు. ఇంగ్లీషులో పదాల వరస తప్ప వేరే ఆధారం లేదు. రాతపూర్వక ప్రశ్నావళి తయారుచేసేవాళ్లు ఈ ఒక్క విషయం మీద రెండుసార్లు కన్ను వేయడం మంచిది.

నెగెటివ్ ప్రశ్నలో “హ్యాడంట్ హీ పెయిడ్?” మామూలు మాట, “హ్యాడ్ హీ నాట్ పెయిడ్?” లాంఛనమైన రాత. “హ్యాడ్ నాట్ హీ పెయిడ్?” అనేది నేటి ఇంగ్లీషులో చెల్లదు. అర్థంలోనూ జాగ్రత్త కావాలి. “హ్యాడంట్ యూ రెడ్ ద అగ్రిమెంట్ బిఫోర్ యూ సైన్డ్?” అంటే కేవలం సమాచారం కోసం అడిగినట్టు ఉండదు. ‘చదవకుండానే సంతకం పెట్టేశావా’ అన్న ఎత్తిపొడుపు వినిపిస్తుంది. నొప్పించకుండా అడగాలంటే “హ్యాడ్ యూ హ్యాడ్ ఎ ఛాన్స్ టు రీడ్ ఇట్?” మేలు.

జవాబు దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. “నువ్వు అప్పటికి తినలేదా?” అంటే “అవును, తినలేదు” అంటాం. అడిగినవాడి మాటతో ఏకీభవిస్తున్నాం కనుక ‘అవును’. ఇంగ్లీషులో ఎస్, నో అనేవి అడిగినవాడి మాటను బట్టి ఉండవు, జరిగినదాన్ని బట్టి ఉంటాయి. తినకపోతే “నో, ఐ హ్యాడంట్.” తిని ఉంటే “ఎస్, ఐ హ్యాడ్.” “ఎస్, ఐ హ్యాడంట్” అంటే వినేవాడికి తిన్నారో లేదో తేలదు. విచారణలోనో వైద్యుడి దగ్గరో ఇది చిన్న విషయం కాదు. పొట్టి జవాబులో ‘హ్యాడ్’ను కుదించడం కూడా కుదరదు. “ఎస్, ఐడ్” అని వాక్యం ముగియదు.

క్వశ్చన్ ట్యాగుల్లో, అంటే వాక్యం చివర తగిలించే చిన్న ప్రశ్నల్లో, ‘హ్యాడ్’ను చూసి వెంటనే ‘హ్యాడంట్’ తగిలించకూడదు. “షీ హ్యాడ్ లెఫ్ట్, హ్యాడంట్ షీ?” సరి. “షీ హ్యాడ్ ఎ కీ” అన్నప్పుడు ‘హ్యాడ్’ అసలు క్రియ, అందుకని “డిడంట్ షీ?” “షీ హ్యాడ్ టు వెయిట్” తర్వాత కూడా “డిడంట్ షీ?” అనే. “షీ హ్యాడ్ నెవర్ కంప్లెయిన్డ్” తర్వాత “హ్యాడ్ షీ?” వస్తుంది. ‘నెవర్’ అప్పటికే వాక్యాన్ని నెగెటివ్ చేసేసింది.

వినేటప్పుడు ఇబ్బంది పెట్టేది ఆ చివర ‘డ్’. “వేర్‌డ్ హీ గో?”లో ఉన్నది ‘డిడ్’. “వేర్‌డ్ హీ గాన్?”లో ఉన్నది ‘హ్యాడ్’. ఆ ‘డ్’ను విని తేల్చుకోలేం, తర్వాత వచ్చే క్రియ రూపాన్ని పట్టుకోవాలి.

ఒక వైద్యుడి ప్రశ్నలు

పాస్ట్ పర్ఫెక్ట్ ప్రశ్న నిజంగా ఎక్కడ పనికొస్తుందో చూడాలంటే, స్పృహ తప్పి పడిపోయి తేరుకున్న మనిషితో వైద్యుడు మాట్లాడే సందర్భం సరిపోతుంది. చూసే బిందువు స్పష్టం: పడిపోయిన క్షణం. “హ్యాడ్ యూ ఈటెన్ ఎనీథింగ్ దట్ డే?” అని మొదలుపెడతాడు. “హ్యావ్ యూ ఈటెన్ ఎనీథింగ్?” అని అడిగితే ఇప్పటి సంగతి అడిగినట్టవుతుంది. పడిపోయాక ఆసుపత్రిలో తిన్న బిస్కెట్లు కూడా లెక్కలోకి వస్తాయి, రోగ నిర్ధారణకు ఆ జవాబు పనికిరాదు.

తర్వాత “హౌ లాంగ్ హ్యాడ్ యూ బీన్ స్టాండింగ్ వెన్ యూ ఫెల్ట్ డిజీ?” అంటాడు. ఇది పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్. కళ్లు తిరిగిన క్షణం వరకు సాగుతూ వచ్చిన పని నిడివిని అడుగుతుంది. “హౌ లాంగ్ డిడ్ యూ స్టాండ్?” అంటే మొత్తం ఎంతసేపు నిలబడ్డావని, ఎక్కడి వరకన్నది అందులో లేదు. సంఖ్య అడగాలంటే మళ్లీ మామూలు రూపానికి రావాలి: “హౌ మెనీ కప్స్ ఆఫ్ కాఫీ హ్యాడ్ యూ డ్రంక్?” ఇక్కడ ‘హ్యాడ్ యూ బీన్ డ్రింకింగ్’ కుదరదు, ఎందుకంటే లెక్కపెట్టేది ముగిసిన కప్పులను.

“హ్యాడ్ యూ బీన్ స్లీపింగ్ వెల్?” అన్న ప్రశ్న ఒక్క రాత్రిని కాదు, పడిపోవడానికి ముందు కొన్నాళ్లుగా నడిచిన తీరును అడుగుతుంది. చివరికి “వజ్ దట్ ద ఫస్ట్ టైమ్ యూ హ్యాడ్ ఫెయింటెడ్?” అంటాడు. ‘వజ్ దట్ ద ఫస్ట్ టైమ్’ తర్వాత పాస్ట్ పర్ఫెక్ట్ రావడం ప్రామాణిక వాడుక. ‘ఇజ్ దిస్ ద ఫస్ట్ టైమ్’ తర్వాత ప్రెజెంట్ పర్ఫెక్ట్ వచ్చినట్టే ఇదీ.

అన్ని ప్రశ్నలూ ‘హ్యాడ్’తోనే సాగనక్కర్లేదని కూడా ఈ సంభాషణే చూపిస్తుంది. ఒకసారి వెనక్కి వెళ్లాక “వాట్ డిడ్ యూ ఈట్?”, “వేర్ డిడ్ యూ సిట్?” అని సింపుల్ పాస్ట్‌లోకి దిగిపోవడమే సహజం. ప్రతి క్రియకూ ‘హ్యాడ్’ తగిలిస్తే మాట బరువెక్కుతుంది. అలాగే ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ ఉన్నచోట వరస వాటితోనే తెలిసిపోతుంది కనుక “డిడ్ యూ టేక్ ద టాబ్లెట్ బిఫోర్ యూ ఫెయింటెడ్?” అన్నా చాలు. ‘హ్యాడ్’ అక్కడ తప్పు కాదు, ఐచ్ఛికం. ‘వెన్’, ‘బై ద టైమ్’ ఉన్నచోట మాత్రం ‘హ్యాడ్’ వదిలేస్తే అర్థమే మారే ప్రమాదం ఉంది.

గడియారపు సమయం చెప్పేటప్పుడు ఇంకో మెలిక. “హ్యాడ్ ద మేనేజర్ లెఫ్ట్ ఎట్ సిక్స్?” అంటే ఆరింటికి బయల్దేరాడా అనీ కావచ్చు, ఆరయ్యేసరికే వెళ్లిపోయి ఉన్నాడా అనీ కావచ్చు. రెండోది అడగాలంటే ‘ఎట్’ తీసేసి ‘బై’ పెట్టాలి: “హ్యాడ్ ద మేనేజర్ లెఫ్ట్ బై సిక్స్?” మొదటిది అడగాలంటే ‘డిడ్’తో పోవడమే తేట.

ప్రశ్నలా కనిపించి కానివి, కనిపించకుండా ప్రశ్నలైనవి

“హ్యాడ్ యూ టోల్డ్ మీ, ఐ వుడ్ హ్యావ్ కమ్.” మొదట్లో వరస అచ్చం ప్రశ్నదే. కానీ ఇది ‘ఇఫ్’ తీసేసి తిప్పి రాసిన షరతు. కామా తర్వాత ‘వుడ్ హ్యావ్’ కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. “హార్డ్లీ హ్యాడ్ ఐ శాట్ డౌన్ వెన్ ద ఫోన్ ర్యాంగ్” లోనూ వరస తిరగబడింది, అదీ ప్రశ్న కాదు. షరతుతో నిజమైన ప్రశ్న వేయాలంటే ప్రశ్న రూపం ‘వుడ్’ వైపు ఉంటుంది: “వుడ్ యూ హ్యావ్ కమ్ ఇఫ్ ఐ హ్యాడ్ కాల్డ్?”

ఇండైరెక్ట్ ప్రశ్న (ఒకరు అడిగినదాన్ని మన మాటల్లో చెప్పేది) దీనికి అద్దం తిప్పినట్టు ఉంటుంది. అర్థం ప్రశ్నదే, వరస మాత్రం మామూలు వాక్యానిది. “హీ ఆస్క్డ్ మీ వేర్ ఐ హ్యాడ్ గాన్” అనాలి, “వేర్ హ్యాడ్ ఐ గాన్” కాదు. ఎస్, నో ప్రశ్నలైతే ‘ఇఫ్’ లేదా ‘వెదర్’ రావాలి. ‘దట్’ పనికిరాదు. “డిడ్ యూ సీ ఇట్?”, “హ్యావ్ యూ సీన్ ఇట్?”, “హ్యాడ్ యూ సీన్ ఇట్?” అన్న మూడు ప్రశ్నలూ పరోక్షంలోకి వచ్చేసరికి “హీ ఆస్క్డ్ ఇఫ్ ఐ హ్యాడ్ సీన్ ఇట్” అన్న ఒకే వాక్యంగా కలిసిపోతాయి. అందువల్ల పరోక్ష వాక్యాన్ని వెనక్కి ప్రత్యక్షంలోకి మార్చేటప్పుడు అసలు ప్రశ్న ఏదో సందర్భాన్ని బట్టే ఎంచుకోవాలి.

కథల్లో పాస్ట్ పర్ఫెక్ట్ ప్రశ్న ఇంకో అందమైన పని చేస్తుంది. “షీ ఓపెన్డ్ ద డోర్. ద హౌస్ వజ్ ఎంప్టీ. వేర్ హ్యాడ్ ఎవ్రీవన్ గాన్?” ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగడం లేదు, కొటేషన్ గుర్తులు లేవు, ‘షీ ఆస్క్డ్’ లేదు. ఆమె మనసులో “వేర్ హ్యాజ్ ఎవ్రీవన్ గాన్?” అని మెదిలిన ప్రశ్నను కథకుడు భూతకాలంలోకి జరిపి, వరస మాత్రం ప్రశ్నగానే ఉంచాడు. పాఠకుడు కథకుడి గొంతులోనే ఆ పాత్ర ఆలోచన వింటాడు. తెలుగు అనువాదంలో దీన్ని “అందరూ ఎక్కడికి వెళ్లి ఉండిరి?” అని మక్కికి మక్కి దించితే ప్రాణం పోతుంది. “అందరూ ఏమైపోయినట్టు?” అంటే ఆ పాత్ర నోటి మాటలాగే ఉంటుంది.